రేవు నుండి వాడ దాకా



ఈ మాసము మన వాక్యభాగము అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చివరి వచనములు, 10వ అధ్యాయము అంతయు. ఇంటిల్లిపాదియు కూర్చుండి దానిని ఒకసారి చదువుకొని, తరువాత ఈ పుట చదవండి.

పరిశుద్ధ దేశ యాత్రకు తీసికొని వెళ్తామనే కరపత్రములు ఇప్పుడు మన పల్లెలకు కూడా వస్తున్నాయి. యెరూషలేము, బేత్లెహేము, గలిలయ సముద్రము, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న యొప్పే, కైసరయ పట్టణములు చూపిస్తారు. వెళ్ళి వచ్చినవారి సాక్ష్యము వినడము మనకు మేలే. అయితే మూసీ కాలువ కింద రెండెకరాల వరి చేసుకొని పిల్లలను చదివించుకొనే తండ్రికి, నాట్లకు పోయి ఆ కూలిలోనుండి కానుక తెచ్చే తల్లికి అన్ని లక్షలు ఎక్కడివి? "అయ్యగారూ, వాక్యములో ఉన్న చోట్లు చూసే భాగ్యము మాకు లేదా?" అని సంఘములో పెద్దమ్మలు అడుగుతూనే ఉంటారు.

వారికి నేను చెప్పే మాట ఒకటే. యొప్పేకు పోలేకపోతే బందరుకు పోండి. యొప్పే రేవులో పేతురు నేర్చుకొన్న పాఠమునే బందరు రేవు మన తెలుగువారికి చెప్పుచున్నది.

యొప్పే, కైసరయ

యొప్పే బహు పురాతనమైన రేవు. సొలొమోను మందిరము కట్టించినప్పుడు లెబానోను మ్రానులు తెప్పలుగా కట్టబడి ఈ రేవుకే వచ్చాయి. దేవుడు నీనెవెకు వెళ్ళుమంటే యోనా తర్షీషు ఓడ ఎక్కినది ఇక్కడే. నేడు ఆ పట్టణము ఇశ్రాయేలు దేశములోని టెల్ అవీవ్ నగరములో కలిసి ఉన్నది.

అక్కడి నుండి ఉత్తరముగా దాదాపు 50 కిలోమీటర్ల దూరములో కైసరయ ఉన్నది. హేరోదు రాజు క్రీస్తు పూర్వము 22 నుండి 10 వరకు దానిని కట్టించి, కైసరైన ఔగుస్తు పేరు పెట్టాడు. సముద్రములోనే గోడలు పోయించి ఓడలకు ఆశ్రయము చేయించాడు. పౌలు రెండు సంవత్సరములు బందీగా ఉన్నది, సువార్తికుడైన ఫిలిప్పు కాపురమున్నది ఈ ఊరే. 1961లో అక్కడి రంగస్థలపు శిథిలములలో పొంతి పిలాతు పేరు చెక్కిన రాయి ఒకటి బయటపడింది. అంత గొప్ప రేవు నేడు చాలా మట్టుకు నీటి కింద ఉన్నది.

ఇక వాక్యములోనికి రండి. యొప్పేలో పేతురు ఎవరి ఇంట దిగాడు? సముద్రపు దరిని ఉన్న చర్మకారుడైన సీమోను ఇంట. చచ్చిన పశువుల తోళ్ళతో పని చేసేవాడు గనుక అతని వృత్తిని యూదులు అపవిత్రముగా చూసేవారు. ఆ ఇంటి మిద్దె మీద పేతురుకు దర్శనము కలిగింది. దేవుడు పవిత్రపరచిన దానిని నీవు నిషిద్ధమని అనవద్దని ముమ్మారు హెచ్చరిక వచ్చింది. ఆ తరువాతనే ఆయన కైసరయలోని కొర్నేలీ గడప దాటగలిగాడు. తోలు ఊనవేసే ఇంటి నుండి సువార్త అన్యజనులలోనికి బయలుదేరింది. ఈ సంగతి మనసులో ఉంచుకొని మన రేవుకు వద్దాము.

మన వాకిటి బాట

సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే జాతీయ రహదారి విజయవాడ దాటి మచిలీపట్నములో సముద్రము దగ్గర ముగుస్తుంది. పూర్వము దానిని 9వ నంబరు రహదారి అనేవారు, ఇప్పుడు అది 65. సూర్యాపేట నుండి చివరి దాకా సుమారు 200 కిలోమీటర్లు. మన మూసీ నీళ్ళు కూడా అటే పోతాయి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, ఆ సీమలోనే సముద్రము చేరుతాయి.

ఈ బాట చాలా పాతది. గోల్కొండ సుల్తానుల కాలములో వజ్రములు, బట్టలు బండ్ల మీద బందరుకు పోయేవి. 17వ శతాబ్దములో ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ దారిన పలుమార్లు ప్రయాణము చేసి తన మజిలీల పేర్లు రాసిపెట్టాడు. కొల్లూరు వజ్రపు గని మీదుగా పోయే దారిలో ఆయన చెప్పిన ఒక మజిలీ పేరు నాగెల్‌పర్. ఆ పేరులో మన పెన్‌పహాడ్ మండలపు నాగులపహాడ్ వినబడడము లేదా?

అంతకంటె వెనుకకు పోదాము. క్రీస్తు శకము మొదటి శతాబ్దములో గ్రీకు నావికుడొకడు ఈ తీరమును మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలు బట్ట విస్తారముగా నేస్తారని రాశాడు. రెండవ శతాబ్దపు టాలెమీ గ్రంథములో కంటకోస్సుల అనే వర్తక స్థలము కనబడుతుంది. అది బందరుకు పడమరగా 20 కిలోమీటర్ల పైచిలుకు దూరములో ఉన్న నేటి ఘంటసాల. ఆ కాలపు రోమా నాణేలు మన నల్గొండ సీమలోనూ దొరికాయి. అక్కెనపల్లిలో బయటపడిన వెండి నాణేల నిధిలో ఔగుస్తు, తిబెరి కైసరుల నాణేలు ఉన్నాయి. పన్ను సంగతి అడిగినవారిని ప్రభువు ఒక దేనారము చూపించుమన్నప్పుడు వారు తెచ్చినది అటువంటి నాణెమే అయి ఉంటుందని వేద పండితులు చెప్తారు. మధ్యధరా సముద్రపు నాణెము మన చెలకల దాకా ఆ కాలములోనే వచ్చింది! సువార్త రావడానికి ఎందుకు అంత ఆలస్యమైంది?

వలందావారి సమాధుల దగ్గర

మా సంఘము నుండి ఇరవై మందిమి సంక్రాంతి సెలవులలో బందరు వెళ్ళాము. ఈ ఊరికి మచిలీపట్నము, మసూలా, బందరు అని మూడు పేర్లు. బందరు అంటే పారసీ భాషలో రేవు అనే అర్థము. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడికి వచ్చి కోఠీలు పెట్టుకొన్నారు. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అని ఆ మూడు జాతుల పేర్లతో నేటికీ పేటలు ఉన్నాయి. 1759లో ఇంగ్లీషు సైన్యము ఫ్రెంచివారి నుండి కోటను పట్టుకొన్నది. ఇప్పుడు బందరుకోటలో చూడడానికి పాత కట్టడముల గోడలు, పిచ్చి చెట్లు మిగిలాయి. రేవు మేట వేసింది. పెద్ద ఓడలు ఇతర రేవులకు మళ్ళాయి. కొత్త రేవు కట్టే పనులు 2023లో మొదలయ్యాయి.

డచ్చివారి సమాధుల తోట పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నది. నల్లని రాతి పలకల మీద వంశ చిహ్నములు, పరభాషలో చెక్కిన అక్షరములు చూస్తే, నిన్ననే చెక్కినట్టున్నాయి. మూడు వందల యేండ్లకు పైబడిన సమాధులవి. మాతో వచ్చిన పదవ తరగతి కుర్రవాడొకడు ఆ పలకల మీద చెయ్యి వేసి చూసి, "అయ్యగారూ, వీళ్ళు క్రైస్తవులే గదా. మరి మనవాళ్ళకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

పిల్లవాని ప్రశ్న గాని పెద్ద ప్రశ్న. లెక్క వేయండి. ఇంగ్లీషువారు 1611లో దిగారు. తెలుగువారికి సువార్త చెప్పడానికని బందరుకు మిషనరీలు వచ్చినది 1841లో. నడుమ 230 సంవత్సరములు! ఆ కాలమంతా ఓడలలో బైబిలు వచ్చింది, పాదిరి వచ్చాడు, ఆదివారపు ఆరాధన జరిగింది. అయితే అది వారి వారి కోసమే. బట్టల మూట ఎంత, వజ్రపు తూకము ఎంత అని అడగడానికి తెలుగు మాటలు నేర్చుకొన్నారు గాని, దేవుని ప్రేమ చెప్పడానికి నేర్చుకొన్నవారు అక్కడ కనబడరు. మిషనరీలు వస్తే వర్తకము చెడుతుందని ఈస్టిండియా కంపెనీ భయపడింది. 1813లో పార్లమెంటు చట్టము మారిన తరువాతనే వారికి తలుపు తెరుచుకొన్నది. అంతకు ముందే 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే లండన్ మిషన్ సేవకులు విశాఖపట్నములో పని మొదలుపెట్టారు, అది దేవుని కృప.

సరకు దింపిన రేవులో సువార్త దించని పాపము వలందావారిది, ఇంగ్లీషువారిది అని చెప్పి మనము చేతులు దులుపుకోవద్దు. యోనా కూడా రేవుకు వచ్చాడు, కేవు ఇచ్చి ఓడ ఎక్కాడు. వెళ్ళవలసిన చోటికి మాత్రము వెళ్ళలేదు.

నోబుల్ గారి బడి

బందరు ప్రాంతములో ఉద్యోగము చేస్తున్న కొందరు భక్తిగల ఇంగ్లీషువారు చందాలు వేసికొని, తెలుగువారి కొరకు సేవకులను పంపమని చర్చి మిషనరీ సొసైటీని అడిగారు. 1841లో రాబర్ట్ నోబుల్ గారు, హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారు వచ్చారు. ఫాక్స్ గారు పల్లెలు తిరిగి ప్రకటించారు. 1845లో భార్యను పోగొట్టుకొన్నారు. ఆరోగ్యము చెడి ఇంగ్లండు వెళ్ళి, 1848లో 31వ యేట ప్రభువునందు నిద్రించారు.

నోబుల్ గారు 1843లో బడి తెరిచారు. నేటి నోబుల్ కళాశాలకు అదే మొదలు. ఆయన వివాహము చేసికొనలేదు. 24 సంవత్సరములలో ఒక్కసారి కూడా స్వదేశమునకు తిరిగి వెళ్ళలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందితే ఊరంతా అట్టుడికి, బడి దాదాపు ఖాళీ అయింది. ఆయన భయపడక మరల మొదలుపెట్టారు.

1864 నవంబరు 1 రాత్రి గాలివాన వచ్చింది. సముద్రము ఉప్పొంగి బందరును, చుట్టుపట్ల పల్లెలను ముంచింది. దాదాపు 30,000 మంది చనిపోయారని లెక్క. మిషన్ వారి బాలికల వసతి బడిలోని పిల్లలు కూడా ఆ నీళ్ళలో పోయారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మన పెద్దలు ఎరుగుదురు గనుక ఆ రాత్రి ఎటువంటిదో ఊహించగలము. మరుసటి సంవత్సరము 1865 అక్టోబరులో నోబుల్ గారు బందరులోనే కన్నుమూశారు.

ఇంతటి త్యాగము చేసిన సేవకుని గూర్చి మరియొక సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన తన బడిలో మాల, మాదిగ పిల్లలను చేర్చుకొనలేదు. పై కులములవారు మొదట మారితే, చెరువు నిండి అలుగు పారినట్టు సువార్త తనంతట తాను కిందికి దిగుతుందని ఆయన నమ్మిక. తరువాతి కాలములో ఆ తలుపులు అందరికి తెరుచుకొన్నాయి. ఆయన జీవించియుండగా మాత్రము మనవారు గుమ్మము బయటనే ఉన్నారు.

గుమ్మము బయట నిలిచినవారు

దేవుడు ఏమి చేశాడో చూడండి. అప్పటి కృష్ణా జిల్లా రాఘవాపురములో పగోలు వెంకయ్యగారు అని మాల పెద్ద ఒకాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు దొంగల గుంపుకు నాయకుడని పేరు. విగ్రహములు దేవుళ్ళు కావనే మాట 1849 ప్రాంతములో ఆయన చెవిని పడింది. ఆనాటి నుండి ఆయన పాత పనులు మాని, "దేవా, నీవెవరవో నాకు తెలియజేయుము" అనే భావముతో ఏళ్ళ తరబడి ప్రార్థించారు. బోధకుడు లేడు, బైబిలు లేదు, బడి లేదు.

1859లో శివరాత్రి తిరునాళ్ళకు ఆయన బెజవాడ వచ్చారు. కృష్ణలో మునిగితే ఏమి ఫలమని ఒక బ్రాహ్మణుని అడిగితే, ఆయన ఆ ఊరిలోని తెల్లదొర దగ్గరకు పొమ్మని దారి చూపించాడు. ఆ దొర డార్లింగ్ అనే మిషనరీ. ఏండ్లుగా ప్రయాసపడి పెద్దగా ఫలము చూడని సేవకుడు. వెంకయ్యగారు విన్నారు, నమ్మారు. "నేను ఇన్నాళ్ళు వెదకిన దేవుడు ఈయనే" అని ఒప్పుకొన్నారు. ఆ సంవత్సరమే తన వారితో కూడ బాప్తిస్మము పొందారు. 1891లో మరణించే వరకు పల్లె పల్లె తిరిగి సాక్ష్యమిచ్చారు. కృష్ణా సీమలో వాడలకు వాడలే ప్రభువు వైపు తిరగడము ఆయనతో మొదలైంది.

ఒంగోలు సీమలోనూ అంతే. అక్కడ 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్యగారు మాదిగవారు, తోళ్ళ వర్తకము చేసేవారు. ఆయన సాక్ష్యము మూలముగా ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము తీసికొన్నారు. చర్మకారుడైన సీమోను ఇల్లు మీకు జ్ఞాపకము వస్తున్నదా?

మన నల్గొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్ గారు రష్యా దేశపు మెన్నొనైట్ సంఘముల నుండి వచ్చారు. ఆయన కంటె ముందు కూడా, ఆయన తరువాత కూడా ఈ సీమలో వాక్యము మోసినవారు ఎక్కువగా పేరు తెలియని తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు. చదువు కొద్ది, జీతము కొద్ది. వారు నడిచిన బాటనే మన సంఘములు కట్టబడ్డాయి.

సంగతి ఇది. మనుష్యుల ప్రణాళిక మేడ నుండి వాడకు. దేవుడు మాత్రము వాడలోనే మొదలుపెట్టాడు. నోబుల్ గారి త్యాగమును దేవుడు త్రోసివేయలేదు, ఆ బడి చదువు ఎందరినో నిలబెట్టింది. అయితే సువార్త దిగివచ్చేదాకా ఆయన మనవారిని నిలబెట్టి ఉంచలేదు.

మన గుమ్మము సంగతి ఏమిటి?

ప్రియులారా, ఒకప్పుడు గుమ్మము బయట నిలిచినవారి పిల్లలము మనము. నేడు గుడి మనది, గుమ్మము మనది. ఆ గుమ్మము బయట ఎవరైనా ఉన్నారా?

ఒకే ఊరిలో, ఒకే ప్రభువు పేర, మాలవారికి ఒక గుడి, మాదిగవారికి ఒక గుడి ఉన్న పల్లెలు మనకు తెలియనివి కావు. ఒకే గుడిలో ఉన్నా, ప్రభువు బల్ల దగ్గర కలిసేవారు పెండ్లి సంబంధము దగ్గర విడిపోతారు. తండా నుండి లంబాడీ కుటుంబము ఆరాధనకు వస్తే వెనుక చాప చూపిస్తాము. కూలికి వలస వచ్చినవారు ప్రార్థన చేయమని వస్తే, మన సభ్యులు కారని లెక్క చూస్తాము. చదువుకొని పట్టణములో స్థిరపడిన మన పిల్లలు, తాత ఏ వాడలో మోకాళ్ళూనాడో చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. వలందావారు వారి కోసమే గుడి కట్టుకొన్నారని ఆ కుర్రవాడు అడిగాడు గదా. రేపు మన సమాధుల దగ్గర ఎవరైనా ఆ ప్రశ్నే అడిగితే?

పేతురు దర్శనము చూసి మిద్దె మీదనే కూర్చుండిపోలేదు. మెట్లు దిగి, మనుష్యులను లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చాడు, మరునాడు వారితో కూడ బయలుదేరాడు. దిగడము, పిలవడము, వెళ్ళడము. మన సంఘమునకు కావలసినవి ఆ మూడే.

ప్రయాణము చేయగోరువారికి

ఎండలు ముదరక ముందు, జనవరి, ఫిబ్రవరి నెలలలో వెళ్ళండి. రాత్రి బయలుదేరితే తెల్లవారేసరికి బందరు చేరవచ్చు. ఉదయము బందరుకోట, డచ్చివారి సమాధులు, నోబుల్ కళాశాల చూడండి. కళాశాలలో ముందుగా అనుమతి అడగండి. పెడన దగ్గరనే ఉన్నది. అక్కడ చెక్క అచ్చులతో కలంకారీ బట్ట అద్దుతారు. ఒకనాడు ఓడలెక్కిన సరకు ఇదే. సాయంత్రము మంగినపూడి తీరమునకు వెళ్ళండి. అది 11 కిలోమీటర్లు. అక్కడ ఒడ్డు ఇసుక కాదు, నల్లమట్టి, కాలు జారుతుంది. పిల్లల చెయ్యి విడువవద్దు. తిరుగు ప్రయాణములో ఘంటసాల మ్యూజియము చూడవచ్చు. పిల్లలకు బందరు లడ్డు కొనిపెట్టడము మరువకండి.

పోయేటప్పుడు బైబిలు వెంట తీసికొని పోండి. సముద్రపు ఒడ్డున కూర్చుండి అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము గట్టిగా చదవండి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన ఇంటిలో మొదట ప్రభువును ఎరిగినవారు ఎవరు? వారికి ఎవరు చెప్పారు? పెద్దలను అడిగి పిల్లలచేత రాయించండి.

2. మన ఊరిలో ఏ ఇంటి గడప మనము ఇంతవరకు తొక్కలేదు? ఎందుకు?

3. ఈ నెలలో మన ఇంటికి భోజనమునకు పిలువవలసిన కుటుంబము ఏది?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, గుమ్మము బయట ఉన్న మా పితరులను వెదకివచ్చిన నీ ప్రేమకై స్తోత్రము. మేము మూసిన తలుపులు మాకు చూపుము. వాటిని తీయుటకు బలమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.